ఆ పదేండ్ల పాటలు: ఆకాశవాణి సంచాలకులవారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆకాశవాణి హైదరాబాదు కేంద్ర సంచాలకులవారి సముఖమునకు,

దేవరకొండకును అచ్చంపేటకును నడుమ, డిండి యేటి పరిసరములందు పుట్టి పెరిగి, మీ కేంద్రపు ప్రసారములనే చదువుగాను, సంగీతశిక్షగాను, సాయంకాలపు తోడుగాను భావించి వయసు గడపిన యొక శ్రోత నమస్కరించి వ్రాయు లేఖ. ఒక దశకమునందలి యిష్టమైన పాటలను వరుసగా పేర్చి, కడపటి స్థానమునుండి మొదటి స్థానము వరకు ఒక్కొక్కటిగా వినిపించుచు, మధ్యమధ్య నాలుగు మాటలు చెప్పునట్టి కార్యక్రమములు శ్రోతలకెంత ప్రీతికరములో మీకు నేను చెప్పనక్కరలేదు. అరువదులనాటి ఘంటసాల, సుశీలల యుగళగీతములకు అట్టి వరుసలు ఎందరో కట్టిరి, ఇకముందును కట్టుదురు. నేను కట్టదలచిన వరుస వేరొక దశకమునకు సంబంధించినది. 1941 మొదలు 1951 వరకు నల్లగొండ జిల్లా పల్లెలయందు, దొరల గడీల యెదుట, చెలకల గట్లమీద, రాత్రివేళ గుట్టుగా జరిగిన సంఘము (ఆంధ్రమహాసభ) సభలయందు పుట్టి, అటనుండి పాలమూరు వైపునకును, కృష్ణ యొడ్డున నల్లమల యడవులలోనికిని నడచిపోయిన రైతుపోరాటపు పాటల దశకమది.

మీ కేంద్రమునకే యీ లేఖ వ్రాయుటకు కారణము కలదు. 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో కలియుటకు పూర్వము హైదరాబాదు కేంద్రము నైజాము ప్రభుత్వపు దక్కను రేడియో. నైజామును గద్దె దిగుమని గద్దించు పాటకు నైజాము రేడియోలో చోటెక్కడిది? అందువలన ఆ పాటలు యంత్రసహాయమేమియు లేక, గొంతునుండి గొంతునకు, ఊరినుండి ఊరికి కాలినడకను పోయినవి. ఆంధ్రమహాసభమీదను, కమ్యూనిస్టు పార్టీమీదను నిషేధము వచ్చినపిదప, పాట పాడుటయే నేరముగా ఎంచిన కాలమున, మనుష్యులు దాగినట్లే పాటలును దాగినవి. ఆనాడు ఆ వాయుతరంగములలో కాలు పెట్టజాలని పాటలను, అదే కేంద్రము నేడు ఆదరముతో పిలిచి, కర్తల నామధేయములతో వినిపించవలెనన్నది నా ప్రార్థన.

కర్తల నామధేయములతో నన్న మాటను నేను నొక్కి చెప్పుచున్నాను. సినిమాపాట వినిపించునపుడు చిత్రము పేరు, గాయకుని పేరు, సంగీతదర్శకుని పేరు, రచయిత పేరు వరుసగా చెప్పుట మనకలవాటు. ఈ దశకపు పాట వచ్చుసరికి మాత్రము వేదికలపైనను, పుస్తకములలోను, క్యాసెట్ల అట్టలమీదను జానపదమనియో, ప్రజాగీతమనియో ఒక్కమాట వ్రాసి సరిపుచ్చుట లోకాచారమైనది. ప్రజల నోట నిలిచిన మాత్రమున పాటకు తండ్రి లేకపోవునా? అలంపురము ప్రాంతమునందలి ఇటిక్యాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులు లేరన్న మాట చెవిబడినపుడు, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను పేరుపేరున లోకము ముందు నిలిపిరి. ఆ గ్రంథము కన్న మించిన సమాధానము మరొకటి లేకపోయెను. పద్యకవులకు ఆ పాలమూరు పండితుడు చేసిన యుపకారమును, ఆ తరువాతి దశకమున పుట్టిన పాటకవులకు చేయగల శక్తి, నా యెఱుకలో, రేడియోకే యెక్కువగా కలదు. ఏలయన పాట పుస్తకములో చదువదగినది కాదు, వినదగినది.

నా వరుసలో అయిదు పాటలే యున్నవి. పది చేయుట కష్టమేమియు కాదు. వేములపల్లి శ్రీకృష్ణగారి "చేయెత్తి జైకొట్టు తెలుగోడా" అన్న పాటను చేర్చవచ్చును. కాని అది కృష్ణాతీరమునుండి వచ్చినది, 1952 నాటి "పల్లెటూరు" చిత్రములో ఘంటసాలవారి కంఠమున వెలసి, కర్త పేరుతోనే లోకప్రసిద్ధి పొందినది. సుంకర సత్యనారాయణగారి "కష్టజీవి" బుఱ్ఱకథయు ఆ కాలమునకు ప్రాణప్రదమైనదే. అయినను బుఱ్ఱకథను ముక్కగా కోసి పాటల వరుసలో గ్రుచ్చుట అపచారమని నా నమ్మకము. దానికొక ప్రత్యేకమైన సాయంకాలము కావలయును.

అయిదవ స్థానమున నేనుంచునది తెలుగు పాట కాదు. మఖ్దూం మొహియుద్దీనుగారి "యే జంగ్ హై జంగ్-ఎ-ఆజాదీ" అన్న ఉర్దూ కవాతు గీతము. మెదకు జిల్లా అందోలులో 1908లో పుట్టి, హైదరాబాదు సిటీ కళాశాలలో పాఠములు చెప్పి, ఆ యుద్యోగము విడిచి కార్మికసంఘములలో దిగిన ఆ కవి, 1944లో "సుర్ఖ్ సవేరా" కావ్యసంపుటిని ప్రకటించెను; 1952లో మా నల్లగొండ జిల్లా హుజూర్‌నగరు ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. ఉర్దూ మాతృభాష కాని రైతులు, ఉర్దూలో జారీయైన నోటీసులను చూచి జడిసిన రైతులు, ఉర్దూ కవిని తమవానిగా ఎంచుకొనుట సామాన్య విషయము కాదు. ప్రభువుమీది కోపమును వారు ప్రభువు భాషమీదికి మరలనీయలేదు. ఈ పాటను తెలుగు పాటల వరుసకు ముందు నిలుపుటలో నా యుద్దేశము అదియే. అడుగులు కలుపుచు నడచుటకు వ్రాసిన పాట గనుక లయ సూటిగా నుండును. ఒకసారి విన్నవారికి పట్టుబడును. ఇదే కవి సైనికుని గూర్చి వ్రాసిన కవిత "జానేవాలే సిపాహీ సే పూఛో" 1960లో "ఉస్‌నే కహా థా" చిత్రములో సలిల్ చౌధురిగారి స్వరములతో దేశమంతటను వినబడినది. దానిని మీ గ్రంథాలయమున వెదుక శ్రమయుండదు.

నాలుగవ స్థానమున నుంచు పాటకు కర్త పేరు చెప్పజాలను, చెప్పవలసినదియు కాదు. 1946 జూలై 4వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండి గ్రామమున, విసునూరు దేశ్‌ముఖు మనుష్యులు ఊరేగింపుమీద తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య యను గొఱ్ఱెలకాపరుల యింటి యువకుడు నేలకొరిగెను. ఆ వార్త మా దిక్కునకు వచ్చిన రీతి పత్రికలరీతి కాదు. బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీలు ఉయ్యాలపాటలో కొమరయ్యను కూర్చుకొనిరి. సీతమ్మ కష్టములు పాడిన బాణీయే, శివపార్వతుల సంవాదము పాడిన బాణీయే. ఆ బాణీలో కడవెండి బాట, తుపాకి దెబ్బ, తల్లి శోకము. ఒకామె చరణము చెప్పును, తక్కినవారు ఉయ్యాలో యని అందుకొందురు. మరుసటి చరణమునకు మరొకామె ముందుకు వచ్చును. నేను బాలుడనైయుండగా మా మేనత్త పాడిన వరుసకును, మునుగోడు ప్రాంతమునుండి మా యూరికి కోడలుగా వచ్చిన యొక యిల్లాలు పాడిన వరుసకును సగము పోలిక కూడ లేదు. ఇరువురిలో ఎవరిది సరియని వాదించుకొనగా నేను వినలేదు.

ఈ పాటను గూర్చి ఒక మాట చెప్పుట యవసరము. కర్తృత్వమును గూర్చి నేనింత పట్టుబట్టుచుండుట చూచి, సమష్టిగా పుట్టిన పాటలకు కూడ ఎవరో యొక కర్తను అంటగట్టుమనుచున్నానని మీరు తలపవలదు. ఉయ్యాలపాట కర్త ఊరు. కావున అచ్చట ఊరి పేరు చెప్పవలయును, పాడిన యామె పేరు చెప్పవలయును, ఆమెకెవరు నేర్పిరో ఆ పేరును చెప్పవలయును. జానపదమను మాటతో సరిపుచ్చుట ఏ పాటకైనను అన్యాయమే.

మూడవ స్థానమునకు వచ్చినాను. సుద్దాల హనుమంతుగారి "వెట్టిచాకిరి విధానమో రైతన్నా". ఈ పాటయొక్క విలువ తెలియవలెనన్న వెట్టి యననేమో తెలియవలయును. నేటి శ్రోతలలో పెక్కుమందికి అది పాఠ్యపుస్తకములోని పదము మాత్రమే. అధికారి ఊరికి వచ్చినచో చాకలి నీరు మోయవలయును, కుమ్మరి కుండలు తెచ్చి యిచ్చి వంటకు సాయపడవలయును, మాదిగ చెప్పులు కుట్టి యిచ్చుటయే గాక మూట నెత్తిన పెట్టుకొని పొరుగూరి వరకు పరుగెత్తవలయును, రైతు తన యెడ్లబండిని తన దుక్కి మానుకొని తోలవలయును. దేనికిని కూలి లేదు, కాదనుటకు నోరు లేదు. భూమియందును ఇదే తీరు. సూర్యాపేట ప్రాంతమున ఎఱ్ఱపాడు దొరకు లక్షాయేబది వేల యెకరములుండెనని ఆనాటి నాయకులు వ్రాసిరి. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది మొదలు, దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతనను, షాదునగరులో కొండా వెంకటరంగారెడ్డిగారి అధ్యక్షతనను, పలుమార్లు సభలు జరిగినవి; వెట్టి మానుపవలెనని తీర్మానములు వెలువడినవి. 1944లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన పదునొకండవ మహాసభతో ఆ యుద్యమము చదువుకొన్నవారి పందిరి దాటి పల్లెలో దిగెను. తీర్మానమును చదువలేని రైతునకు తీర్మానసారమును చేరవేసినవి ఇట్టి పాటలు. రైతన్నాయని పిలుచుటలోనే హనుమంతుగారి శిల్పమున్నది: ఆయన ఉపన్యసింపలేదు, పక్కన కూర్చుండి పలుకరించినాడు.

రెండవ స్థానము "బండెనక బండి కట్టి"కి. సంచాలకమహాశయా! ఈ పాట మొదటి స్థానమున లేకపోవుట చూచి మా జిల్లావారు నామీద కినుక వహింతురని యెఱుగుదును. తెలంగాణమున ఈ పాట యెఱుగని పల్లె లేదు. సూర్యాపేట ప్రాంతపు పోరాటగాడు బండి యాదగిరి కట్టిన పాట యిది. పాటలో నైజాము ప్రభువును ఎదుట నిలిపి ప్రశ్నింతురు. పదునారు బండ్ల హంగును తలచి, ఏ బండిలో వత్తువో రమ్మని సవాలు విసరుదురు. నన్ను మిక్కిలి ఆకర్షించునది మాత్రము అందలి భూగోళజ్ఞానము. సూర్యాపేట యెచ్చట, నల్లగొండ యెచ్చట, హైదరాబాదు యెచ్చట, దాని ప్రక్కన గోలకొండ యెచ్చట అని రాజ్యము నంతయు నేలమీద గీచి చూపినట్లు పాట చెప్పుకొనిపోవును. ఆ చిత్రములో నడుమనున్నది రాజధాని కాదు, మా నల్లగొండ. ఏలువాడు అంచున నున్నాడు, ఏలబడువారు నడిమధ్యన నున్నారు. బడి మొగము చూడని వారికి రాజ్యపు చిత్రపటమును ఇంత చక్కగా తలక్రిందులుచేసి చూపిన పాఠమును నేనింకొకటి యెఱుగను.

ఈ పాటకు రెండవ జన్మ 1980లో కలిగినది. కిషన్ చందరుగారి ఉర్దూ నవల "జబ్ ఖేత్ జాగే" ఆధారముగా, బి. నర్సింగరావు, రవీంద్రనాథుగార్లు నిర్మింపగా, వంగదేశీయుడైన గౌతమ్ ఘోషుగారు దర్శకత్వము వహించిన "మాభూమి" చిత్రమున గద్దర్ తెరమీద కనబడి ఈ పాట పాడినాడు. ఆ కంఠము సామాన్యమైనది కాదు. నల్లగొండ పట్టణమున ఆ చిత్రము చూచిననాడు, పాట మొదలుకాగానే వెనుక బల్లలమీద కూర్చున్న ముసలివారు లేచి నిలుచుండిరి. వారి పెదవులు పాటకంటె ముందు కదలుచుండెను. అటుపిమ్మట తెలంగాణ రాష్ట్రోద్యమకాలమున, పాటలోని ప్రభువు పేరు తీసివేసి వేరు పేర్లు నిలిపి కొత్త తరము పాడుకొనెను. ఇది పాటకు గౌరవమే. అయితే గద్దర్ పాటగా ఎఱిగిన లక్షలమందిలో యాదగిరి పేరు ఎఱిగినవారెందరు? గాయకుని కీర్తికి లోటు రాకుండనే కర్త పేరు చెప్పవచ్చును. సినిమాపాటకు మీరు నిత్యము చేయుచున్నది అదియే కదా.

ఇంతటి పాట రెండవదైనచో మొదటిది యేది? సుద్దాల హనుమంతుగారి "పల్లెటూరి పిల్లగాడా".

"బండెనక బండి" సమూహమునకు పాట. వందమంది కలసి యెత్తుకొన్ననాడే దాని బలము బయటపడును. ఇది యొక్క పిల్లవానికొఱకు వ్రాసిన పాట. పసులకాపరిగా జీతమునకు కుదిరిన బాలుడు చేను గట్టున నిలిచియున్నాడు. కవి యతనిని తలనుండి కాలివరకు చూచుచున్నాడు. నెత్తిమీది గోనె కొప్పెర, ఒడలు కప్పజాలని చినిగిన అంగీ, తాటిమట్టతో చేసికొన్న కాలిజోళ్ళు, ఆ జోళ్ళతో తడబడు నడక. ఇవన్నియు చూచి, కొలువున కుదిరి యెంతకాలమైనదని లాలనగా అడుగుచున్నాడు. వాడు మొనగాడట! ఆ పిలుపులో వాత్సల్యమెంత యున్నదో వ్యథయు అంత యున్నది. పోరాటదశకపు పాటలన్నింటిలో కోపము ప్రధానమని తలచువారు ఈ పాట నొక్కసారి నిదానముగా వినవలయును. కోపమునకు పూర్వమందు చూపు కలదు. బిడ్డ పాదమున నున్న జోడు దేనితో చేసినదో గమనించిన కన్నే, పిదప వెట్టిని గమనించినది, గడీని గమనించినది. ఉద్యమసాహిత్యమని ప్రత్యేకముగా గదిలో పెట్టి తాళమువేసిన వాఙ్మయములో ఇంతటి కరుణరసము కలదని మన పండితులు పెక్కుకాలము గుర్తింపలేదు.

హనుమంతుగారు 1910లో మోత్కూరు దగ్గరి పాలడుగున పుట్టి, సుద్దాలలో స్థిరపడి, ఆ యూరి పేరునే యింటిపేరుగా చేసికొని, 1982లో కన్నుమూసిరి. గొల్లసుద్దులు, బుఱ్ఱకథ మొదలైన పల్లెకళలను ఆయన ఉద్యమమునకు తెచ్చెను. ఆయన కుమారుడు సుద్దాల అశోక్‌తేజ 2003 నాటి "ఠాగూర్" చిత్రగీతమునకు జాతీయపురస్కారము నందెను. తండ్రి పాట సంతలో పాడుటకు, కొడుకు పాట తెరకు. రెంటికిని నేల యొక్కటే. పాలమూరువైపు గౌరారమున పుట్టిన గోరటి వెంకన్న పల్లెను గూర్చి పాడునపుడు, హనుమంతుగారి చూపు తిరిగి కనబడుచున్నదని నాకు తోచును. ఎవరు ఎవరిని అనుకరించిరని కాదు. చేను గట్టున నిలుచున్న పిల్లవానిని చూడకుండ ముందుకు పోజాలని స్వభావము ఈ మెట్టనేల కవులకు సహజమైనదని చెప్పుచున్నాను.

ఈ పాటను మొదట నిలుపుటకు మరియొక కారణము కూడ కలదు. మా బాల్యమున నాతో పలక పట్టిన వారిలో కొందరు రెండవ తరగతి దాటకమునుపే జీతములకు పోయిరి. తండ్రి తీసికొన్న యప్పు క్రింద కొడుకు బర్రెలవెంట తిరుగుట మాకొక వింత కాదు. వెట్టి కట్టుబానిసత్వమును రద్దుచేయు చట్టము 1976లో వచ్చినది. చట్టము వచ్చిన వెనుకను మేస్త్రీ యిచ్చిన ముందుసొమ్మునకు కట్టుబడి పాలమూరు కూలీలు దేశమందలి పెక్కు ఆనకట్టలమీద మట్టి మోసిరి. తల్లిదండ్రుల వెంట పిల్లలును వలసపోయిరి. ఆ పిల్లలను గూర్చిన నివేదికలు అనేకములు వచ్చినవి. వానిలో ఏదియు ఈ పాటవలె నా కంఠమునకు అడ్డుపడలేదు.

ఇక కార్యక్రమమును గూర్చి నా విన్నపములు. ప్రసారమునకు జూలై 4వ తేదీ, కొమరయ్య యమరుడైన దినము, తగియుండునని నా భావము. పాటలకు పట్టణపు వాద్యబృందమును కూర్చవలదు. డప్పు, కంజిర చాలును, ఉయ్యాలపాటకు చప్పట్లు చాలును. మీ రికార్డింగు బృందమును సూర్యాపేట, తుంగతుర్తి, మునుగోడు, దేవరకొండ, అచ్చంపేట, అమ్రాబాదు పల్లెలకు పంపుడు; అచ్చట ఆ దశకపు పెద్దల నోట విని నేర్చిన డెబ్బది యెనుబది యేండ్ల స్త్రీలు ఇంకను కొందరున్నారు. వారి యిండ్లకు దారి చూపుటకు నేను సిద్ధముగానున్నాను. వారు స్టూడియోకు రాజాలరు. మైకు వారి వాకిటికి పోవలయును. ఒకే పాటకు రెండు ఊళ్ళలో రెండు పాఠములు దొరకినచో రెండింటిని భద్రపరచి, ఏది యేయూరిదో వ్రాసియుంచుడు. నేను నోటుపుస్తకములలో వ్రాసికొన్న పాఠములు, ఎవరి నోట ఏ యూర విన్నది వివరములతో సహా, మీ కోరికమేరకు పంపెదను. అచ్చువేయుటకు కాదు, పోల్చిచూచుటకు.

"పల్లెటూరి పిల్లగాడా" పాటను మాత్రము వాద్యమేమియు లేక ఒక్క గొంతుతోనే పాడించుడు. పాటకు ముందు రచయిత పేరు, ఆయన యూరి పేరు చెప్పించుడు. పాట ముగిసిన పిమ్మట పాడిన వారి పేరు, వారి యూరి పేరు చెప్పించుడు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
దేవరకొండ ప్రాంతపు శ్రోత